ఎముక కొరికే ఆవు

దక్షిణాఫ్రికాలో వ్రైబర్గ్ అనే ఊరి చుట్టూ కనుచూపు మేర గడ్డి మైదానాలే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి పశువుల రైతులకు లామ్‌సీక్టె అనే జబ్బు పేరు వింటేనే గుండె జారిపోయేది. నిన్నటి దాకా మందతో మేసిన ఆవు ఇవాళ వెనక కాళ్లు ఈడుస్తుంది. రేపటికి కూలబడుతుంది. నాలుక వేలాడిపోయి, నోట్లో పెట్టిన గడ్డి కూడా మింగలేకపోతుంది. ఒళ్లు వేడెక్కదు. స్పృహ మాత్రం చివరి దాకా ఉంటుంది. కొద్ది రోజుల్లో ఊపిరి ఆగిపోతుంది. పాలిచ్చేవి, చూడివి, ఎదిగే వయసులో ఉన్న పడ్డలు ఎక్కువగా పోయేవి. అంటే రైతు ఆశలన్నీ ఏ పశువుల మీద ఉంటాయో అవే పోయేవి.

విషపు మొక్క ఏదో తింటున్నాయని కొందరు, వాడిన గడ్డిలో విషం పుడుతోందని కొందరు అనుకునేవారు. ఆ దేశపు పశువైద్య పరిశోధనకు పునాది వేసిన ఆర్నాల్డ్ థైలర్ కూడా చాలాకాలం మేతలోనే విషం ఉందని నమ్మాడు. థైలర్ స్విట్జర్లాండ్‌లో పుట్టి, 1891లో ట్రాన్స్‌వాల్‌కు వలస వచ్చాడు. వచ్చిన కొత్తలోనే వ్యవసాయ యంత్రంలో పడి ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క చేత్తోనే సూక్ష్మదర్శినితో, శవపరీక్షలతో జీవితమంతా గడిపాడు. 1908లో ప్రిటోరియా దగ్గర ఓండర్‌స్టెపోర్ట్ పరిశోధనశాల మొదలైంది ఆయన చేతుల మీదుగానే. పసుపు జ్వరం టీకాకు 1951లో నోబెల్ బహుమతి అందుకున్న మాక్స్ థైలర్ ఆయన కొడుకే.

వ్రైబర్గ్ రైతులు రోజూ చూస్తూ కూడా పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. అక్కడి ఆవులు ఎముకలు నమిలేవి. మైదానంలో చచ్చిన జంతువు ఎముక కనిపిస్తే చాలు, మేత మానేసి దాని దగ్గరికి పోయేవి. మెడ సాచి, లాలాజలం కారుస్తూ గంటల తరబడి దాన్ని కొరికేవి. తాబేటి డిప్పలనూ వదిలేవి కావు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే కేప్ కాలనీ పశువైద్యాధికారి డంకన్ హచియన్ ఇలాంటి పశువులకు ఎముకల పిండి పెట్టమని సలహా ఇచ్చాడు. ఆ సలహాకు, లామ్‌సీక్టెకు ఉన్న ముడి ఎలాంటిదో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ ముడి విప్పడానికి థైలర్ వ్రైబర్గ్ దగ్గరి ఆర్ముడ్స్‌ఫ్లాక్టె అనే పొలానికి మకాం మార్చాడు. ఒక్కో పశువు ముందూ ఎముక పెట్టి, ఏది ముట్టుకుంటుందో, ఏది మూతి తిప్పుకుంటుందో ఓపికగా రాసుకున్నాడు. కొన్ని ఎండి తెల్లబడిన ఎముకలతో సరిపెట్టుకున్నాయి. ఆకలి ముదిరినవి మాత్రం ఇంకా మాంసం అంటుకుని కుళ్లుతున్న ఎముకలను కూడా వదల్లేదు. లామ్‌సీక్టె ఈ రెండో రకం పశువులకే వస్తోంది. కుళ్లిన పదార్థాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువుకు పట్టిస్తే అదే జబ్బు, అదే పక్షవాతం, అదే చావు. శుభ్రంగా ఎండిన ఎముక తిన్నవాటికి ఏమీ కాలేదు. 1920 నాటికి కథ మొత్తం బయటపడింది. చచ్చిన కళేబరంలో ఒక సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేస్తుంది. ఎముక కోసం మూతి పెట్టిన ఆవు ఆ విషాన్ని మింగుతుంది. అది నరానికి, కండరానికి మధ్య కబురు అందకుండా చేస్తుంది. ఆవు చస్తుంది, దాని కళేబరం తర్వాతి ఆవుకు ఎరగా మారుతుంది. ఆ సూక్ష్మజీవిని తర్వాత బొట్యులినమ్ డి రకంగా గుర్తించారు.

చంపింది విషమే. కానీ ఆవును ఆ విషం దగ్గరికి నడిపించింది ఏమిటి? థైలర్ బృందం అసలు గొప్పతనం మొదటి జవాబు దగ్గర ఆగకుండా ఈ రెండో ప్రశ్న వేయడంలో ఉంది. ఆయనతో పనిచేసిన హెచ్.హెచ్. గ్రీన్ రసాయన శాస్త్రవేత్త, పి.జె. డు టోయిట్ పశువైద్యుడు. అక్కడి మట్టిని, గడ్డిని, పశువుల రక్తాన్ని పరీక్షిస్తే ఒకే సమాధానం వచ్చింది. భాస్వరం లేదు. మట్టిలోనే తక్కువ. వానాకాలపు లేతగడ్డిలో ఉన్న కాస్త భాస్వరం కూడా గడ్డి ముదిరి ఎండేసరికి ఇంకా అడుగంటిపోతుంది. తరాల తరబడి పశువులను అమ్మి వేరే చోట్లకు తోలుకుపోతుంటే, వాటి ఎముకల్లో చేరిన భాస్వరం కూడా ఆ నేలకు తిరిగి రాదు. ఎముకల పిండి రోజూ పెట్టిన మందల్లో ఎముకల మీద యావ తగ్గింది, లామ్‌సీక్టె ఆగింది. అంతకన్నా ఆశ్చర్యం, పశువులు బరువు పెరిగాయి, పాలు ఎక్కువ ఇచ్చాయి. ఎముకల పిండి తినని ఆవుల్లో నూటికి 51 ఈనితే, తిన్నవాటిలో 80 ఈనాయి. జబ్బు రాని పశువులు కూడా అన్నాళ్లూ అర్ధాకలితో బతికాయన్నమాట. చావులు లెక్కపెట్టిన రైతుకు ఈ నష్టం కనిపించనే లేదు.

పశువు ఒంట్లోని భాస్వరంలో దాదాపు 80 శాతం ఎముకల్లోనే ఉంటుంది. కరువుకాలంలో తీసుకుని వాడుకునే గాదె లాంటిది ఎముక. ఈనిన ఆవు ఒక లీటరు పాలతో పాటు గ్రాముకు కొంచెం తక్కువగా భాస్వరం, గ్రాముకు పైగా కాల్షియం బయటికి ఇస్తుంది. పది లీటర్లిచ్చే పాడి ఆవు లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు. మేతలో రాకపోతే ఆ మొత్తం ఎముకలోంచే రావాలి. పొట్టలోని సూక్ష్మజీవులకూ భాస్వరం కావాలి. అది లేకపోతే అవి గడ్డిని సరిగా పులియబెట్టలేవు, పశువుకు ఆకలి చచ్చిపోతుంది. ఎదురుగా గడ్డి ఉన్నా తినదు. చిక్కిన పశువును చూసి మేత చాలలేదనుకుని ఇంకాస్త ఎండుగడ్డి వేస్తే ఉపయోగం లేకపోవడానికి కారణం ఇదే.

రక్తంలో భాస్వరం ఎంతుందో కొలవడానికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన పద్ధతి వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. నమూనాలోని భాస్వరాన్ని మాలిబ్డేట్‌తో కలిపితే ఏర్పడే పదార్థం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరు జీవరసాయన శాస్త్రంలో పాతుకుపోయింది. మనుషుల ఆసుపత్రుల్లోనే కాదు, పశువైద్య ప్రయోగశాలల్లోనూ ఆవు రక్తపు చుక్క ఇదే నీలం రంగులో తన లోటు చెప్పింది. భాస్వరం వెంటపడిన ఈ ఇద్దరే తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీశారు. ప్రతి కణమూ శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు ఏటీపీ. దానికీ భాస్వరమే ఆధారం.

భాస్వరం లోటు పాఠ్యపుస్తకాలకే పరిమితమైన సంగతి కాదు. బాగా పాలిచ్చే గేదె ఈనిన కొన్ని వారాలకు ఒక్కోసారి మూత్రం ఎర్రగా, ఆపైన కాఫీ డికాషన్ రంగులో పోస్తుంది. మేత మానేస్తుంది, కనురెప్పల లోపలి పొర తెల్లగా పాలిపోతుంది. రక్తంలో భాస్వరం బాగా పడిపోయినప్పుడు ఎర్రకణాల్లో ఏటీపీ తయారవదు, కణాల పొరలు నిలబడలేక పగిలిపోతాయి. లోపలి హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. సమయానికి డాక్టరు వచ్చి సోడియం ఆసిడ్ ఫాస్ఫేట్ నరంలోకి ఎక్కిస్తే గేదె దక్కుతుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ మూత్రం ఇదే రంగులో ఉంటుంది, దాని మందు వేరు. అందుకే రంగు చూసి సొంత వైద్యం చేయకూడదు.

ఎముకలు కొరకడం లాంటి, తినకూడనివి తినే అలవాటును పశువైద్యులు పైకా అంటారు. తెలుగు ఊళ్లలో దీన్ని చూడని పాడి రైతు ఉండడు. ఆరేసిన లుంగీని పశువు నములుతుంది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పు కొరుకుతుంది. గోడ సున్నం నాకుతుంది, మట్టి తింటుంది, పక్కనున్న పశువు ఒళ్లు నాకి వెంట్రుకలు మింగుతుంది, మూత్రం పోసిన చోట నేలను నాకుతుంది. చాలామంది దాన్ని పాడు బుద్ధి కిందే జమకడతారు. మూతికి చిక్కం కడతారు, లేదా పలుపు కురచ చేస్తారు. చిక్కం కట్టడం తప్పు కాదు, కొన్నిసార్లు ప్రాణం కాపాడుతుంది కూడా. కానీ అంతటితో ఆగితే ఆ పశువు చెబుతున్న కబురు వినకుండా నోరు మూయించినట్టే.

గడ్డి మేసే జంతువులు ఖనిజం కోసం ఎంత దూరం పోతాయో చెప్పడానికి స్కాట్లండ్ దీవులే సాక్ష్యం. రమ్ అనే దీవిలో ఎర్ర జింకలు షియర్‌వాటర్ అనే సముద్రపక్షి పిల్లలను పట్టి, తలలూ కాళ్లూ రెక్కల ఎముకలూ నమిలేస్తాయి. ఫౌలా దీవిలో గొర్రెలు టెర్న్ పిట్టల పిల్లలను అలాగే కొరుకుతాయి. రాబర్ట్ ఫర్నెస్ 1980లలో ఇది రాసినప్పుడు జీవశాస్త్రజ్ఞులు కూడా ఆశ్చర్యపోయారు. ఆ దీవుల మేతలో ఖనిజాలు తక్కువని ఆయన వివరణ. 2007లో పశ్చిమ బెంగాల్‌లోని చాంద్‌పూర్‌లో ఒక దూడ కోడిపిల్లలను తింటోందని వార్త వచ్చినప్పుడు జనం వింతగా చూశారు. అక్కడి పశువైద్యులు మాత్రం ఖనిజ లోపాన్నే అనుమానించారు. కెన్యాలో ఎల్గాన్ కొండ మీది కిటుమ్ గుహలోకి ఏనుగులు చీకట్లో నడిచిపోయి, దంతాలతో గోడలు చెక్కి ఉప్పురాయి తింటాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలా పుస్తకాలు దాన్ని దాటేస్తాయి. ఒంటికి ఏది తక్కువైతే జంతువు సరిగ్గా దాన్నే వెతుక్కుంటుందన్న మాట ఉప్పు విషయంలోనే గట్టిగా నిలుస్తుంది. ఆస్ట్రేలియా శరీరధర్మ శాస్త్రవేత్త డెరెక్ డెంటన్ గొర్రెల లాలాజల గ్రంథి నాళాన్ని బయటికి తెరిచి, సోడియం రోజూ కారిపోయేలా చేశాడు. వాటి ముందు సోడా ఉప్పు కలిపిన నీళ్లు పెడితే, పోయినంత సోడియాన్ని భర్తీ చేసుకునేంతగా తాగాయి. నెమరువేసే పశువుకు లాలాజలం చిన్న విషయం కాదు. పెద్ద ఆవు రోజుకు వంద లీటర్లకు పైగా ఊరిస్తుంది, అందులో ఉండేది ఎక్కువగా సోడియమే. సోడియం తగ్గితే లాలాజలంలో దాని స్థానంలోకి పొటాషియం వస్తుంది. ఉప్పు రుచిని గుర్తించే శక్తి పశువుకు పుట్టుకతోనే ఉంది. కానీ ఉప్పు దాటి ముందుకు పోతే అంత కచ్చితమైన మార్గదర్శి ఒంట్లో లేదు. భాస్వరం లోటున్న ఆవు ఎముకను వాసన పట్టి పోతుంది కానీ, పక్కనే పెట్టిన ఫాస్ఫేట్ పొడిని ఏరికోరి తింటుందన్న భరోసా లేదు. కాబట్టి పశువు చెప్పు నమిలితే చెప్పులో ఉన్నదేదో దానికి కావాలని కాదు. ఏదో లోటుందని మాత్రమే అర్థం. ఆ లోటు ఏమిటో మేత, నేల, రక్తం చెప్పాలి.

అది చెప్పడానికి ఒక్కోసారి దశాబ్దాలు పట్టింది. న్యూజిలాండ్ ఉత్తర దీవి నడుమ అగ్నిపర్వతపు బూడిద నేలల్లో గడ్డి ఏపుగా పెరిగేది. పశువులు మాత్రం ఆ గడ్డి మధ్యే చిక్కి శల్యమై చచ్చేవి. వేరే నేలకు తోలితే కోలుకునేవి. రక్తం తక్కువగా ఉంది కాబట్టి ఇనుము లోపమని రసాయన శాస్త్రవేత్త బెర్నార్డ్ ఆస్టన్ తేల్చాడు. ఇనుప రాయి లిమొనైట్ పెడితే బాగయ్యేవి కూడా. కానీ ఒక గని నుంచి తెచ్చిన రాయి పనిచేసినంతగా మరోచోటి రాయి పనిచేసేది కాదు. ఇలాంటి జబ్బే ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎరిక్ అండర్‌వుడ్, జాన్ ఫిల్మర్ ఆ రాయిలోంచి ఇనుమును తీసేసి, మిగిలిన దాన్ని పశువులకు పెట్టారు. అప్పుడూ బాగయ్యాయి. 1935లో వాళ్లు, దక్షిణ ఆస్ట్రేలియాలో హెడ్లీ మార్స్టన్, లైన్స్ వేర్వేరుగా అసలు దోషిని పట్టుకున్నారు. అది కోబాల్ట్ లోపం. గొర్రెకు రోజుకు ఒక మిల్లీగ్రాములో పదో వంతు ఉంటే చాలు. అంత చిన్న మోతాదు ఏం చేస్తుందో 1948లో బి12 విటమిన్ విడిగా దొరికి, అందులో కోబాల్ట్ కనిపించాక తెలిసింది. పొట్టలోని సూక్ష్మజీవులు కోబాల్ట్‌తో ఆ విటమిన్ తయారుచేస్తాయి. పశువు దాని మీదే బతుకుతుంది.

మన పశువు తినేది ప్రధానంగా వరిగడ్డి. కోస్తా జిల్లాల్లోనూ, తెలంగాణలో వరి పెరిగిన చోట్లా గడ్డివామే పశువుకు ఏడాది ఆహారం. కిలో వరిగడ్డిలో భాస్వరం ఒక గ్రాము దగ్గరే ఉంటుంది. దాంట్లోని ఆగ్జలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటాయి. కిలో తవుడులో మాత్రం 12 గ్రాములకు పైగా భాస్వరం ఉంటుంది. అది ఫైటేట్ రూపంలో బిగిసి ఉన్నా, పశువు పొట్టలోని సూక్ష్మజీవులు విడదీసి ఇవ్వగలవు. తవుడులో కాల్షియం తక్కువ, ఆ వెలితి పప్పుజాతి పచ్చిమేత తీరుస్తుంది. వరిగడ్డికి తోడు తవుడు, తెలకపిండి, కాస్త ఉప్పు వేసిన కుడితి పెట్టిన పాత పద్ధతిలో ఎంతో వివేకం ఉంది. ఎండుగడ్డి ఒక్కటే వేసి, పాలు మాత్రం సంకరజాతి ఆవు దగ్గర ఎక్కువ కోరినప్పుడే లెక్క తప్పుతోంది.

లోటు ఊరూరికీ మారుతుంది. నల్ల గేదె వెంట్రుకలు ఎర్రబారితే రాగి లోపాన్ని అనుమానించవచ్చు, వెంట్రుకకు నల్లరంగు ఇచ్చే ఎంజైముకు రాగి కావాలి. ఇక ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. నెల్లూరు ప్రాంతంలో 1930లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎద్దుల కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని ముందుగా గమనించింది రైతులే. మనుషుల్లో ఆ ఫ్లోరైడ్ జబ్బును డాక్టర్ షార్ట్ బృందం 1937లో వర్ణించింది. శుద్ధి చేయని రాతి ఫాస్ఫేట్‌లో ఫ్లోరిన్ ఉంటుంది. భాస్వరం పేరుతో దాన్ని చవగ్గా పశువుకు పెట్టడం ప్రమాదం. ఎముకల పిండి రోజులు కూడా పోయాయి. 1986లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధిని గుర్తించాక పశువు ఎముకలను పశువుకే పెట్టడం ప్రపంచమంతా తగ్గిపోయింది. ఇప్పుడు డైకాల్షియం ఫాస్ఫేట్ వాడుతున్నారు.

ప్లాస్టిక్ సంచులు తినే ఊరి ఆవుల సంగతి వేరేగా చెప్పాలి. అదంతా ఖనిజ లోపమేనంటే అబద్ధమవుతుంది. మూటకట్టి పారేసిన అన్నం, కూర తొక్కల వాసనకు ఆకలితో ఉన్న ఆవు సంచితో సహా మింగుతుంది. ఏరి తినే పెదవులు మేకకున్నట్టు ఆవుకు లేవు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఆవుల పొట్టలు కోసి ప్లాస్టిక్ ముద్దలు బయటికి తీసింది, 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేకు, తీగముక్క మింగితే ఇంకా ఘోరం. అది రెండో పొట్టలో చిక్కుకుంటుంది. ఆ పొట్టకు, గుండెకు మధ్య అడ్డు పల్చని ఉదరవితానం ఒక్కటే. పాత బ్యాటరీ నాకితే సీసం విషం. ఖనిజ లోపమున్న పశువు ఇవన్నీ మరింత తొందరగా నోట పెట్టుకుంటుంది.

నులిపురుగులున్న దూడ కూడా మట్టి తింటుంది, కాబట్టి ముందు పురుగుల మందు తాగించాలి. ఎన్నడూ లేనిది ఒక్కసారిగా పశువు కనిపించినవన్నీ కొరుకుతూ, చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే అది పైకా కాకపోవచ్చు, రేబిస్ కావచ్చు. అప్పుడు నోట్లో చెయ్యి పెట్టి చూడకూడదు. ఇవి కావని తేలాక ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టాలి. పాడి పశువుకు రోజుకు 50 గ్రాముల దాకా దాణాలో కలిపి ఇవ్వడం మామూలు సలహా. ఏ ప్రాంతపు నేలలో ఏది తక్కువో చూసి, ఆ ప్రాంతానికే సరిపడే మిశ్రమాలు తయారుచేసే పద్ధతి కూడా మన దేశంలో వచ్చింది. కొట్టంలో వేలాడదీసే ఉప్పు ఇటుకలు మంచివే కానీ, పశువుకు ఎంత అవసరమో అంతే నాకుతుందన్న నమ్మకం లేదు. దాణాలో కలిపి పెడితే ఎంత తిన్నదో తెలుస్తుంది. మార్పు వారం రోజుల్లో రాదు. ఎముకల్లోంచి తీసుకున్నది తిరిగి నిండాలి. లోటు తీరిన తర్వాత కూడా కొన్ని పశువులు అలవాటు కొద్దీ గుడ్డలు నములుతూనే ఉంటాయి. అందుకే ఆ నెలల్లో పెరట్లోంచి ఎముకలు, తీగలు, సంచులు ఏరెయ్యాలి, చచ్చిన పశువును పొలం గట్టున పడెయ్యకుండా లోతుగా పూడ్చాలి.